శుక్రకణాల విడిది

సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ పత్రిక పాడి పేజీలో పశువులు తిరగపొర్లడం, అంటే చూలు నిలవక మళ్లీ మళ్లీ ఎదకు రావడం గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పచ్చిమేత కొరత గురించి, ఖనిజ లవణ మిశ్రమం గురించి, గర్భాశయపు వాపు గురించి అందులో రాసినవన్నీ రైతుకు పనికొచ్చే మాటలే. అయితే ఒక్క వాక్యం దగ్గర నా చూపు ఆగిపోయింది. లోపల వేసిన వీర్యంలోని శుక్రకణాలన్నీ అండం కోసం పందెం కట్టినట్టు పరుగెడతాయనీ, అన్నిటికంటే ముందు చేరినదే చూలుకు కారణమవుతుందనీ అందులో ఉంది. ఈ బొమ్మను చిన్నప్పటి నుంచీ అక్కడా ఇక్కడా చూసి చూసి మనందరికీ అది నిజమే అనిపిస్తుంది. 34 ఏళ్లపాటు కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో పశువైద్యుడిగా పనిచేసి, మోచేతిదాకా తొడుగు వేసుకుని లెక్కలేనన్ని ఆవుల, గేదెల గర్భాశయాలను తడిమి చూసినవాడిగా, ఆ బొమ్మ వల్ల రైతుకు జరుగుతున్న నష్టం ఏమిటో చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదైనందుకు మన్నించండి.

పరుగు పందెం అని నమ్మిన రైతు సహజంగా రెండు విధాలుగా ఆలోచిస్తాడు. గేదె అరవడం మొదలుపెట్టగానే డాక్టరుకు ఫోను చేసి, ఎంత తొందరగా వీర్యం వేయిస్తే పందెం అంత తొందరగా మొదలవుతుందని అనుకుంటాడు; లేదంటే పొలం పని ముగించుకుని మర్నాడు సాయంత్రం తీరిగ్గా తోలుకొచ్చి, కణాలు ఎలాగూ వేగంగానే పోతాయి కదా అని ధైర్యం చెప్పుకుంటాడు. రెండు సందర్భాల్లోనూ ఆయన శ్రద్ధకు వంక పెట్టడానికి లేదు. లోపల జరిగే సంగతి ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పలేదు, అంతే.

ఆ సంగతి ఇది. కృత్రిమ గర్భధారణలో మేము వీర్యాన్ని గర్భాశయ ముఖద్వారం దాటగానే, గర్భాశయం మొదట్లో వదులుతాం. అక్కడి నుంచి గర్భాశయపు కొమ్ము చివరిదాకా, ఆ కొస నుంచి సన్నని తాడులా మొదలయ్యే బీజవాహికలోకి కణాలు చేరాలి. ఆవులో ఈ బీజవాహిక పొడవు 20 నుంచి 25 సెంటీమీటర్లు. అండాశయం వైపు భాగం వెడల్పుగా, లోపల ఎన్నో మడతలతో ఉంటుంది; దాన్ని ఆంపుల్లా అంటారు, శుక్రకణమూ అండమూ కలిసేది అక్కడే. గర్భాశయం వైపు భాగం ఇరుకుగా, కండ మందంగా ఉంటుంది. దాన్ని ఇస్తమస్ అంటారు. కొమ్మూ ఇస్తమసూ కలిసే చోట దారి వంపు తిరిగి, జిగురుతో నిండి ఉంటుంది. వీర్యం నింపి ఉంచే సన్నని గొట్టాన్ని స్ట్రా అంటాం. ఒక స్ట్రాలో ఉన్న 2 కోట్ల కణాల్లో చాలా భాగం జిగురుతోపాటు వెనక్కి జారి బయటికి పోతాయి. మరెన్నిటినో గర్భాశయంలోకి వచ్చి చేరే తెల్ల రక్తకణాలు మింగేస్తాయి. ఆ వంపు దాటి ఇస్తమస్‌లో అడుగుపెట్టేవి కొన్ని వేలు మాత్రమే. అడుగుపెట్టినవి కూడా ముందుకు పరుగెత్తవు. ఇస్తమస్ మొదట్లోనే గోడకు తల ఆనించి ఆగిపోతాయి. అండం విడుదలయ్యే వేళ దగ్గరపడేదాకా, అది 10 గంటలు కానివ్వండి, 18 గంటలు కానివ్వండి, అక్కడే ఉంటాయి.

శాస్త్రవేత్తలు ఈ చోటును నిల్వ కేంద్రం అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. నేను రైతులకు చెప్పేటప్పుడు విడిది అనేవాణ్ణి. మగపెళ్లివారు సరిగ్గా ముహూర్తం వేళకు వచ్చి పీటల మీద కూర్చోరు. ముందుగానే వచ్చి విడిదింట్లో దిగుతారు. వాళ్లకు కావలసినవన్నీ ఆడపెళ్లివారు చూసుకుంటారు. ముహూర్తం దగ్గరపడ్డాక మేళతాళాలతో వెళ్లి పిలుచుకొస్తారు. ఇక్కడా అంతే. విడిది ఆడ పశువు ఒంట్లోది, మర్యాదలు ఆ ఒంటివి, పిలుపు కూడా ఆ ఒంటిదే. ఈ పోలిక విన్నాక రైతులు నన్ను అడిగే ప్రశ్న మారిపోయేది. "ఇప్పుడే ఎందుకు వేయరు?" అని నిలదీసినవారే "విడిదికి చేరడానికి ఎంతసేపు పడుతుందండీ?" అని అడిగేవారు. అసలు అడగవలసిన ప్రశ్న అదే.

ఉద్యోగం మధ్యలో పై చదువుకు వెళ్లినప్పుడు దీన్ని నేను స్వయంగా సూక్ష్మదర్శినిలో చూశాను. కబేళా నుంచి ఐసు పెట్టిన ఫ్లాస్కులో తెచ్చిన ఆవు బీజవాహికను గాజు పళ్లెంలో పరిచి, ఇస్తమస్ భాగాన్ని మెల్లగా నొక్కి లోపలి పొరను చిన్న చిన్న ముక్కలుగా బయటికి తీసి, పలుచన చేసిన వీర్యపు చుక్కను దానితో కలిపి, ఆవు ఒంటి వేడిలో కాసేపు ఉంచాం. అద్దంలోంచి చూస్తే ఆ పొర అంచున సన్నని నూగు ఆగకుండా అలలు అలలుగా ఆడుతోంది. ఆ నూగులోకి తలలు దూర్చి వరసగా నిలబడిన శుక్రకణాలు తోకలు మాత్రం నిదానంగా అటూ ఇటూ ఆడిస్తున్నాయి. గాటి ముందు తలలు దించి మేత మేస్తూ తోకలు విసురుకునే పశువుల వరసే నాకు గుర్తుకొచ్చింది; నలభై ఏళ్ల వయసులో, ఇంతకాలం చేతితో చేసిన పని లోపల ఏమవుతుందో మొదటిసారి కళ్లారా చూసి చాలాసేపు అక్కడి నుంచి లేవలేకపోయాను. సాయంత్రం మళ్లీ వచ్చి చూస్తే విడిగా ఈదులాడుతున్న కణాల్లో చాలా వరకు కదలిక ఆగిపోయింది. పొరను పట్టుకున్నవి ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

పరుగు పందెం అనే ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా నాకు అక్కడే అర్థమైంది. హాలెండులో లీవెన్‌హుక్ 1677లో తన కటకం కింద శుక్రకణాలను చూసినప్పటి నుంచి ఇవాళ వీర్య కేంద్రాల్లో కదలిక పరీక్ష చేసేదాకా మనం వాటిని చూసేది గాజు పలక మీద. అక్కడ పట్టుకోవడానికి గోడ లేదు కాబట్టి ఈదక తప్పదు. గాజు మీద ఈదేది ఒంట్లోనూ ఆగకుండా ఈదుతూనే ఉంటుందని లోకం అనుకుంది.

గోడను పట్టుకోవడమన్నది కణం ఊరికే ఎక్కడో తట్టుకుని ఆగడం లాంటిది కాదు. దానికి తాళం, తాళంచెవి లాంటి ఏర్పాటు ఉంది. బీజవాహిక లోపలి పొర మీద చక్కెర జాతి అణువులు ఉంటాయి. వాటిని గుర్తుపట్టే ప్రోటీన్లు శుక్రకణం తల మీద ఉంటాయి. ఆవులో ఆ చక్కెర ఫ్యూకోజ్ అని కార్నెల్ విశ్వవిద్యాలయంలో సూసన్ స్వారెజ్ బృందం 1990లలో చూపించింది. జాతి మారితే ఆ చక్కెరా మారుతుంది. ఆబోతు వీర్యంలో కణాలకు ఈ పట్టు ఇచ్చే ప్రోటీన్ కణంలో పుట్టేది కాదు; వీర్యాశయ గ్రంథుల ద్రవం కలిసినప్పుడు పైపూతలా అంటుకుంటుంది. 109 అమైనో ఆమ్లాలున్న ఆ ప్రోటీన్‌ను పీడీసీ-109 అంటారు. అది శుక్రకణపు పొరలోని కొవ్వు అణువులకు ఎలా అతుక్కుంటుందన్న ప్రశ్న మీద ఎన్నో ఏళ్లుగా లోతైన పరిశోధన చేసిన ప్రయోగశాలల్లో ఒకటి మన హైదరాబాద్ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలోనే ఉంది. ఇంత దగ్గర్లో జరిగిన పని పాడి రైతు చెవిన పడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఈ విడిది సంగతి బయటపడింది ఓపికతో చేసిన ప్రయోగాల వల్ల. ఎడిన్‌బరోలో పనిచేసిన ఆర్.హెచ్.ఎఫ్. హంటర్ గొర్రెల్లో, పందుల్లో, ఆవుల్లో జత కలిసిన తర్వాత వేర్వేరు గంటలకు శస్త్రచికిత్స చేసి, ఏ భాగంలో ఎన్ని కణాలున్నాయో, ఎన్ని గంటలకు చూలుకు సరిపడా కణాలు లోపలికి చేరాయో ఒక్కొక్కటిగా తేల్చాడు. గొర్రెలో కణాలు 17, 18 గంటలపాటు ఇస్తమస్ మొదట్లోనే ఆగి ఉంటాయని 1983లో తెలిసింది. మరుసటి ఏడాది ఇయాన్ విల్మట్‌తో కలిసి ఆవులోనూ ఇదే చూపించాడు. తర్వాతి కాలంలో డాలీ అనే గొర్రెతో ప్రపంచమంతా పేరు తెలిసింది ఈ విల్మట్‌కే. ఆవులో చూలుకు సరిపడినన్ని కణాలు విడిదికి చేరడానికి కనీసం 6 గంటలు, చాలా పశువుల్లో అంతకంటే ఎక్కువే పడుతుందన్నది ఆ పరిశోధనల సారం. వీర్యం పడిన కొద్ది నిమిషాల్లోనే కొన్ని కణాలు పైదాకా చేరిన మాట కూడా నిజమే. అయితే అవి గర్భాశయపు కదలికలకు కొట్టుకుపోయినవి, దెబ్బతిన్నవో చచ్చినవో ఎక్కువ, అండానికి పనికిరావు. పందెంలో ముందుగా వచ్చిన వాటి గతి అది.

ఇప్పుడు గంటలు లెక్క పెట్టి చూడండి. ఆవులో ఎద సుమారు 12 నుంచి 18 గంటలు ఉంటుంది. ఎద ముగిసిన 10, 12 గంటలకు అండం విడుదలవుతుంది. విడుదలైన అండం చూలుకు పనికొచ్చేది కొద్ది గంటలే. కరిగించిన వీర్యంలోని కణాలు లోపల బతికేది ఇంచుమించు ఒక రోజు. ఎద మొదలవగానే వేస్తే విడిది నిండుతుంది గానీ, పిలుపు వచ్చేసరికి చాలా కణాలు ముసలివైపోతాయి. అండం విడుదలయ్యాక వేస్తే కణాలు విడిది చేరి సిద్ధమయ్యేలోగా అండం చెడిపోతుంది. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాటి పొద్దున అని మేము చెప్పే సూత్రాన్ని అమెరికాలోని నెబ్రాస్కాలో ట్రింబర్గర్ అనే పరిశోధకుడు 1940లలో వందల ఆవుల లెక్కలు చూసి తేల్చాడు. అది ఎందుకు నిజమో విడిది సంగతి తెలిశాకే పూర్తిగా అర్థమైంది.

నేను ఈ పాఠం పుస్తకంలో చదివినా, నేర్చుకున్నది మాత్రం ఒక రైతమ్మ దగ్గర. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఆమెకు ఉన్నది ఒక్క ముర్రా గేదె. కోడికూతకు అరవడం మొదలుపెట్టింది, పొద్దున పాలు చేపలేదు అని ఎనిమిది గంటలకల్లా తోలుకొచ్చింది. నాకు తర్వాతి ఊళ్లో టీకాల పని ఉంది. మానం నుంచి గాజులా తేటగా తీగ సాగుతోంది, ముఖద్వారం తెరుచుకుని ఉంది, ఎదలో అనుమానం లేదు. వెంటనే వేసి పంపేశాను. 21 రోజులకు తిరగపొర్లింది. మళ్లీ అదే వేళకు వచ్చింది, అదే పని చేశాను. మూడోసారీ అంతే. నాలుగోసారి ఆమె పొద్దున ఒట్టి చేతులతో వచ్చి, "డాక్టరుగారూ, గేదెను పొద్దుగూకాక తోలుకొస్తాను, మీరు ఉండాలి. మా నాయన పొద్దున అరిచిన గొడ్డును ఎప్పుడూ సాయంత్రమే దున్నకు కట్టించేవాడు" అంది. ఆ సాయంత్రం లాంతరు వెలుతురులో వేశాను. నిలిచింది. ఒక్క గేదెతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. కానీ మూడు ఎదలు పోయాయంటే అరవై మూడు రోజుల మేత, ఆమె కూలి డబ్బులోంచి. ఆ తప్పు నాది. గేదెలో ఎద ముగిసిన తర్వాత అండం విడుదలకు 10 నుంచి 14 గంటలు పడుతుందని చదువుకున్నవాణ్ణి నేను. వేళ చెప్పింది ఆమె తండ్రి.

"దున్నతో కట్టిస్తే ఎప్పుడైనా నిలిచేది, సూదికి నిలవడం లేదు" అని, కృత్రిమ గర్భధారణను సూది అని పిలిచే చాలామంది రైతులు ఇవాళ్టికీ అంటారు. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లను చూస్తే నాకు మనసు ఒప్పదు. రైతు చూసినదాంట్లో నిజం ఉంది. ఆబోతో దున్నో దాటినప్పుడు పడే కణాలు వందల కోట్లు, పైగా తాజావి. స్ట్రాలో ఉండేవి 2 కోట్లు. మన దేశపు ప్రమాణాల ప్రకారం కరిగించాక వాటిలో సగమైనా కదులుతూ ఉండాలి. ఘనీభవించడం, కరగడం అనే రెండు గండాలు దాటిన కణం పైపొర ముందే సడలిపోతుంది; విడిదిలో నెమ్మదిగా జరగవలసిన మార్పులు కొంత ముందే జరిగిపోతాయి. అందువల్ల అది గోడను గట్టిగా పట్టుకోలేదు, ఎక్కువసేపు బతకలేదు. 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో సంపత్ కుమారన్ మన దేశంలో మొదటిసారి కృత్రిమ గర్భధారణ చేసినప్పుడు ఘనీభవించిన వీర్యం అన్నదే లేదు. 1949లో ఇంగ్లండులో క్రిస్టఫర్ పోల్జ్, ఆయన సహచరులు గ్లిసరాల్ కలిపితే శుక్రకణాలు గడ్డకట్టినా బతుకుతాయని కనుక్కున్నాకే మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఆబోతు వీర్యాన్ని ఏళ్లకు ఏళ్లు దాచగలిగాం. బయట అన్నేళ్లు దాచగలిగిన కణానికి లోపల దాగే శక్తి తగ్గింది. అందుకే సూదికి వేళ మరింత ముఖ్యం.

స్ట్రాను 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ఉంచి, తుడిచి, వెంటనే వాడాలి. నీళ్ల థర్మాస్ లేదని జేబులో పెట్టుకుని కరిగించడం, రెండు చేతుల మధ్య రుద్దడం నేను చూశాను. పల్లెల్లో ఎండలో తిరిగి పశువులకు వీర్యం వేసే గోపాలమిత్రల కష్టం నాకు తెలుసు కాబట్టి వారిని తప్పుపట్టను. కానీ అలా కరిగిన కణం గాజు మీద కదులుతూ కనిపించినా విడిది గోడను పట్టుకునే స్థితిలో ఉండకపోవచ్చు. రెండు స్ట్రాలు ఒకేసారి వేయమని అడిగే రైతుకూ ఇదే నా జవాబు: వేళ తప్పిన రెండు స్ట్రాల కంటే వేళకు పడిన ఒక్క స్ట్రా మేలు.

పెయ్యదూడలే పుట్టే లింగ నిర్ధారిత వీర్యం వచ్చాక ఈ విషయం మరీ అవసరమైంది. నూటికి సుమారు తొంభై పెయ్యలనిచ్చే ఆ స్ట్రాలో కణాలు సాధారణంగా 20 నుంచి 40 లక్షలే. వేరుచేసే యంత్రంలో రంగు, లేజరు వెలుగు, ఒత్తిడి అన్నీ భరించి వచ్చిన కణాలు కాబట్టి అవి లోపల బతికే కాలం ఇంకా తక్కువ. మామూలు వీర్యం కంటే కొన్ని గంటలు ఆలస్యంగా, అండం విడుదలకు మరింత దగ్గరగా వేస్తే ఫలితం మెరుగ్గా ఉంటుందని అనేక దేశాల అనుభవం. రైతు తన వాటా డబ్బు కట్టి ఈ స్ట్రా వేయించుకుంటున్నప్పుడు ఎద మొదలైన గంట ఏదో అడిగి రాసుకోకుండా వేయడం అన్యాయం.

ఇక పిలుపు సంగతి. విడిదిలో ఉన్నంతసేపూ కణం పూర్తిగా సిద్ధమై ఉండదు. ఆడ శరీరంలో కొంతకాలం గడిపితేనే శుక్రకణానికి అండంలోకి వెళ్లే యోగ్యత వస్తుందని 1951లో అమెరికాలో ఎం.సి. చాంగ్, ఆస్ట్రేలియాలో సి.ఆర్. ఆస్టిన్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా కనుక్కున్నారు. అండం విడుదల దగ్గరపడినప్పుడు కణం తల మీది పైపూత రాలిపోతుంది, పట్టు సడలుతుంది, కణంలోకి కాల్షియం చేరి తోక నిదానంగా ఆడడం మాని కొరడా విసిరినట్టు విసురుతుంది. ఆ విసురుతో గోడ నుంచి ఊడి ఆంపుల్లా వైపు కదులుతుంది. కాల్షియం లోపలికి వచ్చే ఆ ద్వారాన్ని క్యాట్‌స్పర్ అంటారు, 2001లో కనుగొన్నారు. అది లేని ఎలుకల శుక్రకణాలు విడిది దాకా వస్తాయి గానీ విడిది విడిచి పైకి వెళ్లలేవని తర్వాత తేలింది. కణాలన్నీ ఒక్కసారిగా లేచి రావు. కొన్ని కొన్నిగా వస్తాయి. అండం చుట్టూ గుంపు చేరితే ఒకటికి మించిన కణాలు లోపలికి దూరి పిండం ఆదిలోనే చెడిపోతుంది. హంటర్ పందుల్లో ఇస్తమస్ భాగాన్ని కత్తిరించి తీసేసినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. విడిది దాచిపెట్టడమే కాకుండా లెక్కపెట్టి పంపుతుందన్నమాట.

ఇదంతా ఆవు, గేదెలకే చెందిన వింత అనుకోకండి. క్షీరదాల్లో ఈ విద్యలో గబ్బిలాలను మించినవి లేవు. చలిదేశాల్లో అవి శరదృతువులో జత కలుస్తాయి, తర్వాత నెలల తరబడి చలినిద్రలోకి వెళతాయి. ఆ చలిలో పురుగులు దొరకవు, పిల్లను మోసే బలం తల్లికి ఉండదు. కాబట్టి ఆడ గబ్బిలం శుక్రకణాలను గర్భాశయంలోనో బీజవాహికలోనో దాచుకుని, వసంతంలో మేలుకున్నాక అండాన్ని విడుదల చేస్తుంది. శీతాకాలమంతా మగవాటికి దూరంగా ఉంచిన ఆడ గబ్బిలాలు కూడా వసంతంలో చూలు కట్టాయి. యూరప్‌లోని నాక్ట్యూల్ అనే గబ్బిలం 198 రోజులు, అంటే ఆరున్నర నెలలు, పనికొచ్చే స్థితిలో కణాలను దాచగలదు. మైనస్ 196 డిగ్రీల సిలిండరు లేకుండా, తన ఒంట్లోనే! మన దేశంలో విస్తారంగా కనిపించే పసుపుపచ్చ పొట్ట గబ్బిలం కూడా శీతాకాలంలో శుక్రకణాలను దాచుకుంటుందని బనారస్ హిందూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1978లో ప్రచురించారు. గబ్బిలం ఇంట్లో దూరితే అరిష్టమని తరిమే మన ఊళ్లలో ఈ తల్లి ఓర్పు గురించి చెప్పేవారు ఉంటే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఆస్ట్రేలియాలో ఎలుకలా ఉండే ఆంటికైనస్ అనే చిన్న జంతువుంది. జత కలిసే కాలం ముగియగానే మగవన్నీ చనిపోతాయి. ఆడవి వాటి కణాలను బీజవాహికలో రెండు వారాల దాకా నిలుపుకోగలవు. గుర్రంలో, కుక్కలో కణాలు వారం రోజుల దాకా చూలుకు పనికొస్తాయి. ఒకే ఈతలో వేర్వేరు తండ్రుల కుక్కపిల్లలు పుట్టడం వెనుక ఈ నిల్వ కూడా ఒక కారణం.

మనుషుల మాట కూడా ఒకటి రాయక తప్పదు. స్త్రీలో ఆవులో ఉన్నంత స్పష్టమైన విడిది ఇస్తమస్‌లో కనిపించదు. అయినా గర్భాశయ ముఖద్వారపు జిగురులో, బీజవాహికల్లో శుక్రకణాలు 5 రోజుల దాకా బతికి ఉండగలవు. అండం ఆయుష్షు మాత్రం ఒక్క రోజుకు మించదు. 221 మంది స్త్రీలను పరిశీలించి అమెరికాలో అలెన్ విల్‌కాక్స్ బృందం 1995లో ప్రచురించిన అధ్యయనంలో గర్భాలన్నీ అండం విడుదలైన రోజుతో ముగిసే ఆరు రోజుల్లో కలిసినవారికే వచ్చాయి. మర్నాడు కలిసినవారికి రాలేదు. పద్నాలుగో రోజు ఒక్కటే గురి అని చెప్పి కొత్త దంపతులను ఆ ఒక్క రోజు కోసం బెంగపెట్టే పెద్దలకూ, కొన్ని రోజులు వదిలేశాం కాబట్టి భయం లేదని నమ్మేవారికీ ఈ ఒక్క విషయం తెలిస్తే ఎంతో దిగులు తగ్గుతుంది. ఇంతకు మించి మనుషుల విషయంలో మాట్లాడే అర్హత పశువైద్యుడిగా నాకు లేదు. ఆ వైద్యులు రాస్తే చదువుతాను.

ఆడ పశువు కడుపును శుక్రకణాలు పరుగెత్తే ఒట్టి దారిగా రాసినంతకాలం చూలు నిలవకపోతే "గొడ్డు మంచిది కాదు" అనో, "డాక్టరు చెయ్యి మంచిది కాదు" అనో అంటూనే ఉంటారు. తిరగపొర్లుతోందని మంచి పాడి గేదెను సంతకు తోలేసిన ఇళ్లను నేను చూశాను. వాటిలో కొన్నిటికైనా వేళ ఒక్కటే లోపమని ఇప్పటికీ నా నమ్మకం.

కాబట్టి మీకు నా విన్నపాలు ఇవి. ఆ వ్యాసంలోని పరుగు పందెం వాక్యాన్ని వచ్చే ఆదివారం పాడి పేజీలో సరిదిద్దండి. ఎద మొదలైన గంట, వీర్యం వేయవలసిన గంట ఆవుకూ గేదెకూ విడివిడిగా, లింగ నిర్ధారిత వీర్యానికి వేరుగా పెద్ద అక్షరాల్లో ఒక పట్టిక వేయండి. రైతులు కత్తిరించి కొట్టం గుంజకు అంటించుకుంటారు. వేసవిలో గేదెల్లో మూగ ఎద ఎక్కువ, అరుపు ఉండదు, తీగ కూడా తెల్లవారుజామునే కనిపించి ఎండకు ఆరిపోతుంది. కాబట్టి ఆ పట్టిక మాఘం దాటకముందే వస్తే మేలు. పశుసంవర్ధక శాఖవారు గోపాలమిత్రలకు ఇచ్చే శిక్షణలో ఒక్క పూటైనా బీజవాహికను కోసి చూపించి, ఆ ఇస్తమస్‌ను వేలితో తాకించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ పాఠం చెప్పడానికి ఎవరూ దొరకకపోతే, నాకు 68 ఏళ్లు వచ్చినా చూపు బాగానే ఉంది, నా సూక్ష్మదర్శినిని తీసుకుని నేనే వస్తాను.

భవదీయుడు,
విశ్రాంత పశువైద్యుడు,
తెనాలి